ఎలుగుబంటికీ ఇప్పచెట్టుకూ పోలికలట, నాలుగో వరుసలో ఏం రాయాలి?

హోంవర్క్_నాన్న (శుక్రవారం, రాత్రి 9:42)

అందరికీ నమస్కారం. కొంచెం అర్జెంటు. మా అమ్మాయి ఏడో తరగతి. ఒక అడవి జంతువును, ఒక పూలు పూసే మొక్కను ఎంచుకుని రెండింటినీ పోలుస్తూ చార్టు చేయమని సైన్స్ టీచర్ చెప్పారట. సోమవారం ఇవ్వాలి. పులి–తామర, జింక–గులాబీ, ఏనుగు–మందారం అన్నీ క్లాసులో అయిపోయాయి. మా నాన్నగారికి ఫోన్ చేస్తే "ఎలుగుబంటీ ఇప్పచెట్టూ తీసుకోండి, ఇంక దేనికీ పోవద్దు" అని పెట్టేశారు. ఆయన ఎనభైల్లో ఆదిలాబాద్ జిల్లాలో టీచరు. మళ్లీ చేసి ఎందుకని అడిగితే "వెతుక్కోనీ పిల్లను" అన్నారు.

ఇప్పటికి మా చార్టు ఇదీ: ఎలుగుబంటి నడుస్తుంది, చెట్టు నడవదు. ఎలుగుబంటికి బొచ్చు, చెట్టుకు ఆకులు. ఎలుగుబంటి అరుస్తుంది, చెట్టు అరవదు. నాలుగో వరుస తోచక పిల్ల నిద్రపోయింది. నేను ఇక్కడికొచ్చాను.

సందేహాలరావు (రాత్రి 9:55)

జంతువుకీ చెట్టుకీ పోలికేంటండీ? పులినీ చిరుతనీ పోల్చమంటే అర్థముంది. చిన్నప్పుడు ఆవు వ్యాసం ఒక్కటే వచ్చినవాడు కొబ్బరిచెట్టు గురించి రాయమంటే ఆవును తెచ్చి చెట్టుకు కట్టేశాడట. మీరూ ఎలుగుబంటిని తెచ్చి ఇప్పచెట్టుకు కట్టేయండి, గొడవ వదిలిపోతుంది.

ఉట్నూరు_పిల్ల (రాత్రి 10:03)

కట్టక్కర్లేదు సార్. మార్చిలో అదే వస్తుంది.

బాటనీ_మాస్టారు (రాత్రి 10:31)

ముప్ఫై ఏళ్లు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని. టీచరు మంచి పనే ఇచ్చారు, పోలిక దొరకదని అనుకోవద్దు బాబూ. పేర్ల దగ్గర మొదలుపెట్టు.

ఎలుగుబంటికి శాస్త్రీయ నామం పెట్టింది జార్జ్ షా అనే ఇంగ్లిష్ ఆయన, 1791లో. పొడవాటి గోళ్లు చూసి, పై దవడలో మధ్యన రెండు ముందుపళ్లు లేకపోవడం చూసి, అది దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే స్లాత్ అనుకున్నాడు. బ్రాడిపస్ ఉర్సినస్ అన్నాడు, అంటే ఎలుగుబంటి లాంటి స్లాత్ అని! రెండేళ్లకే, 1793లో, మేయర్ అనే ఆయన మెలర్సస్ అనే ప్రజాతిలో పెట్టి సరిదిద్దాడు. అయినా ఇంగ్లిషులో ఈ రోజుకీ అది స్లాత్ బేరే.

ఇక మన వైపు పెరిగే వెడల్పాకు ఇప్పచెట్టు. దానికి బాసియా లాటిఫోలియా అని పేరు పెట్టింది విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ డాక్టరు. మన సామర్లకోటలో తోట వేసుకుని పదేళ్లకు పైగా ఉన్నాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన తెచ్చిన బొమ్మల గ్రంథంలో, 1795లో, ఇప్ప వచ్చింది. ఇప్పుడు దాన్ని మధుకా లాంగిఫోలియాలో ఒక రకంగా లెక్కిస్తున్నారు. నాలుగేళ్ల తేడాతో రెండూ పుస్తకాలకెక్కాయి, రెండింటి పేర్లూ తర్వాత మారాయి. ఇది మీ నాలుగో వరుస.

ఇంకోటి. ఇప్ప ఏ కుటుంబమో పిల్లను అడుగు. చెప్పలేదు. సపోటా కుటుంబం. గిల్లితే పాలు వస్తాయి, పండు తీపి, గింజ నున్నగా మెరుస్తుంది. ఎలుగుబంటిని స్లాత్ అనుకున్నవాళ్లను నవ్వుతాం గానీ, సపోటా పండు తింటూ ఇప్పచెట్టుకు చుట్టమని మనకూ తట్టదు.

హోంవర్క్_నాన్న (రాత్రి 10:40)

మాస్టారూ, చాలా థాంక్స్ అండీ. సామర్లకోట సంగతి అసలు తెలియదు, మా ఆవిడది పక్కనే పెద్దాపురం.

ఉట్నూరు_పిల్ల గారూ, మార్చిలో వస్తుంది అన్నారు, కొంచెం వివరంగా చెబుతారా?

ఉట్నూరు_పిల్ల (రాత్రి 11:18)

చెబుతా అన్నా. మేం గోండులం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం, కానీ ఇంటర్ దాకా ప్రతి ఎండాకాలం అవ్వతో ఇప్పపువ్వుకు పోయినదాన్నే.

ఇప్పచెట్టు అన్ని చెట్ల లాగా పగలు పూసి చూపించుకోదు. ముందు ఆకులన్నీ రాల్చేస్తుంది. కొమ్మ చివర గుత్తులు వస్తాయి, గోధుమరంగు నూగుతో. రాత్రి విచ్చుకుంటాయి. తెల్లారుజామున టప్ టప్ మని రాలడం మొదలవుతుంది. చీకట్లో ఆ చప్పుడు వింటే సన్న చినుకు పడుతున్నట్టే ఉంటుంది. రాలేది మొత్తం పువ్వు కాదు, లోపలి తెల్లటి గిన్నె ఒక్కటే. కండ పట్టి, ద్రాక్షపండంత ఉండి, నొక్కితే తేనె లాంటి రసం. వాసన అందరికీ నచ్చదు. నాకు ఇష్టం. హాస్టల్లో నా పెట్టె తెరిస్తే మాత్రం పక్కమంచం పిల్లలు కిటికీలు తీసేవాళ్లు.

ఎండ ఎక్కితే పువ్వు వాడుతుంది, చీమలు పడతాయి, పశువులు తినేస్తాయి. అందుకని మూడున్నర, నాలుగింటికే గంపలు పట్టుకుని బయలుదేరుతాం. మాకు ఎందుకు తొందరో ఎలుగుబంటికీ అందుకే తొందర. అదీ రాత్రంతా తిరిగి, తెల్లారేలోపు కడుపు నింపుకుని గుట్టెక్కాలి. చెట్టు ఒకటే, వేళ ఒకటే.

అవ్వ దూరం నుంచే దగ్గుతుంది, పాట ఎత్తుకుంటుంది, గంప మీద కర్రతో కొడుతుంది. ఆ తర్వాత కాసేపు నిలబడి వింటుంది. చెట్టు కింద బుస్సుమని ఊదుతూ పీలుస్తున్న చప్పుడు ఉంటే మేం వెనక్కి తగ్గి కూర్చుంటాం. "దాని వంతు కానీ" అంటుంది. ఒకసారి తెల్లగా తెల్లారిపోయే దాకా కూర్చున్నాం, ఆ రోజు గంపలో సగం కూడా నిండలేదు. నేను సణిగితే "అది మనకంటే ముందొచ్చింది, లైన్లో నిలబడ్డట్టు అనుకో" అంది. రేషన్ షాపు లైన్ అని ఆమె ఉద్దేశం.

అడవిబాట (శనివారం, ఉదయం 6:20)

ఉట్నూరు_పిల్ల గారి పోస్టు రెండుసార్లు చదివాను. వన్యప్రాణుల సర్వేల్లో వాలంటీరుగా తిరిగేవాణ్ని. ఆ చప్పుడు సంగతి చార్టులో తప్పకుండా పెట్టండి.

ఎలుగుబంటికి ముక్కురంధ్రాలు మూసుకోగల శక్తి ఉంది. చెదపుట్టను గోళ్లతో తవ్వి, ముందు దుమ్ము ఊదేసి, పెదవులను గొట్టంలా ముందుకు చాచి చెదలను లోపలికి పీల్చేస్తుంది. మాస్టారు చెప్పిన ఆ రెండు పళ్లు లేకపోవడం ఇక్కడ పనికొస్తుంది, ఆ సందులోంచి గాలి లాగుతుంది. నిశ్శబ్దంగా ఉన్న అడవిలో ఈ చప్పుడు 100 మీటర్లకు పైగా వినిపిస్తుంది. చెదలూ చీమలూ ఏడాదంతా ఉండే తిండి. దాని మీద కాలాన్ని బట్టి పళ్లు: రేగు, తునికి, నేరేడు, రేల. ఇప్ప వంతు వచ్చేసరికి పండు కాదు, పువ్వే తిండి. ఇంత పెద్ద జంతువు పూలు తిని కడుపు నింపుకోవడం తమాషా కాదూ? మగది 80 నుంచి 145 కిలోలు ఉంటుంది.

డల్లాస్_దొరబాబు (ఉదయం 7:05)

ఇక్కడి నల్ల ఎలుగుబంట్లు చలికాలమంతా గుహలో పడుకుని వసంతంలో ఆకలితో లేస్తాయి. మన ఎలుగుబంటి కూడా అలా నిద్రలేచి ఇప్పపూల మీద పడుతుందా?

బాటనీ_మాస్టారు (ఉదయం 7:30)

లేదు దొరబాబూ. మన ఎలుగుబంటికి శీతాకాలపు నిద్ర లేదు. చెదలు ఏడాదంతా దొరుకుతుంటే నిద్ర దేనికి? మన అడవుల్లో విశ్రాంతి తీసుకునేది చెట్టు. ఫిబ్రవరి, మార్చిలో నీళ్లు తక్కువని ఆకు దులుపుకుని నిలబడుతుంది, ఆ మోడు మీదే పూత పూస్తుంది. మీ అమెరికా లెక్క ఇక్కడ తిరగబడింది. ఆ వరుస కూడా రాసుకో హోంవర్క్ బాబూ.

అడవిబాట (ఉదయం 7:41)

మాస్టారి మాటకు చిన్న చేర్పు. నిద్ర లేదు గానీ తల్లి ఎలుగుబంటి గుహలో ఉండటం మాత్రం ఉంది. మన దేశంలో పిల్లలు ఎక్కువగా డిసెంబరు, జనవరిలో పుడతాయి. ఒకటి, లేదా రెండు. కళ్లు తెరవని పిల్లలతో తల్లి కొన్ని వారాలు గుహలోనే ఉంటుంది. రెండు మూడు నెలలకు వాటిని వీపుమీద ఎక్కించుకుని బయటికి వస్తుంది. వీపుమీది పొడవాటి జూలు వాటికి పట్టుకొమ్మ. ఎలుగుబంట్లలో పిల్లలను ఇలా వీపుమీద మోసేది మన ఎలుగుబంటే.

ఇప్పుడు లెక్క వేయండి. జనవరిలో పుట్టిన పిల్ల తల్లి వీపెక్కి బయటికి వచ్చేది మార్చిలో. ఇప్ప పూసేదీ మార్చిలో. బక్కచిక్కిన తల్లికి చక్కెర నిండిన తిండి చెట్టు కిందే దొరుకుతుంది. ఇప్పపువ్వు ఎండితే దాని బరువులో సగానికి పైగా చక్కెరే.

సందేహాలరావు (ఉదయం 9:10)

ఇక్కడే నాకు సందేహం. చక్కెర ఉంటే పులుస్తుంది. పులిస్తే సారా. ఇప్పపూలు తిని ఎలుగుబంట్లు తాగినట్టు తూలుతాయని మా తాతగారు చెప్పేవారు. ఏనుగులు ఇప్పసారా తాగి పడిపోయాయని పేపర్లో కూడా వచ్చింది. నిజమేనా, చార్టులో రాయొచ్చా?

కొల్లేటి_గట్టు (ఉదయం 9:14)

తూలే ఎలుగుబంటి బొమ్మ వేయండి, మార్కులు అక్కడే వస్తాయి.

ఉట్నూరు_పిల్ల (ఉదయం 9:50)

> సందేహాలరావు: "తూలుతాయని మా తాతగారు చెప్పేవారు"

మా తాత కూడా చెప్పేవాడు. చూశావా తాతా అంటే మా మామ చూశాడు అనేవాడు. మామ వాళ్ల మేనత్త పేరు చెప్పేవాడు.

అప్పుడే రాలిన పువ్వులో ఉండేది తీపి, సారా కాదు. సారా కావాలంటే పువ్వును ఎండబెట్టి, నీళ్లలో నాలుగైదు రోజులు పులియబెట్టి, కుండలో బట్టీ పెట్టాలి. తెల్లారుజామున రాలిన పువ్వును ఎలుగుబంటి అప్పుడే తినేస్తే పులియడానికి టైమెక్కడిది? మా ఇంట్లో పచ్చి పూలు దోసిళ్లతో తిన్నాం, కడుపునొప్పి తప్ప ఇంకేమీ రాలేదు.

ఇంకో మాట. ఇప్పపువ్వు అనగానే అందరికీ సారానే గుర్తొస్తుంది, అది నాకు కొంచెం బాధ. మాకు అది మొదట తిండి. ఎండబెట్టి ఏడాది దాచుకుంటాం. వేయించి నువ్వులు, బెల్లం వేసి దంచుతాం. ఉట్నూరులో ఆడవాళ్ల సంఘం అవే లడ్డూలు చేసి అమ్ముతోంది, రక్తం తక్కువున్న ఆడపిల్లలకు మంచిదని హాస్టళ్లకూ ఇచ్చారు. పెళ్లికీ చావుకీ దేవుడికీ ఇప్పసారా ఉంటుంది, కాదనను. కానీ దంచిన ఇప్పపువ్వు వాసనే నాకు ఇల్లు.

అడవిబాట (ఉదయం 10:22)

ఆ ఏనుగుల వార్త ఒడిశాలోని కియోంఝర్ జిల్లాది, 2022 నవంబరు. సారా కాయడానికని ఊరివాళ్లు అడవిలో కుండల్లో ఇప్పపూలు నానబెట్టారు. తెల్లారి వెళ్తే కుండలు పగిలి ఉన్నాయి, పక్కన 24 ఏనుగులు నిద్రపోతున్నాయి. డప్పులు కొట్టి లేపాల్సి వచ్చింది. అవి తాగి పడుకున్నాయా, మామూలుగానే పడుకున్నాయా అన్నది అటవీ సిబ్బందే గట్టిగా చెప్పలేదు. నెల గమనించండి, నవంబరు. చెట్టు మీద పూత లేని కాలం. అంటే పులియబెట్టింది మనుషులు, చెట్టు కాదు. వానకు తడిసి కుప్పగా పడున్న పువ్వు కొంచెం పులియవచ్చు. దాన్ని పట్టుకుని ఎలుగుబంటిని తాగుబోతు చేయలేం.

సందేహాలరావు (ఉదయం 10:30)

సరే, ఒప్పుకున్నాను. మా తాతగారి మాట వాపసు.

కొల్లేటి_గట్టు (ఉదయం 11:02)

జోకు పక్కన పెట్టి నాకు తెలిసిన ఇప్ప గురించి చెబుతాను. మాకు ఇప్పపువ్వు తెలియదు, ఇప్పపిండి తెలుసు. గింజల్లోంచి నూనె తీశాక మిగిలిన చెక్క. చెరువులో కొత్తగా చేపపిల్లలు వదిలే ముందు, పాత నీళ్లలో మిగిలిన కొర్రమీను, జెల్ల, చిన్నాచితకా చేపలను తీసేయాలి. లేకపోతే పిల్లలను అవి మింగేస్తాయి. ఇప్పపిండి నానబెట్టి చల్లితే కాసేపటికి చేపలన్నీ తేలిపోతాయి. అందులో సబ్బు నురుగు లాంటి విషం ఉంది, సపోనిన్ అంటారు, చేప మొప్పల్లోంచి ఎక్కి రక్తకణాలను పగలగొడుతుంది. రెండు మూడు వారాలకు విషం విరిగిపోయి అదే ఎరువవుతుంది.

పువ్వేమో ఎలుగుబంటికి తిండి, గింజేమో చేపకు విషం. ఒకే చెట్టు. పిల్ల చార్టులో చోటుంటే వేయండి.

బాటనీ_మాస్టారు (ఉదయం 11:45)

గట్టు గారు పెద్ద మాట అందించారు. చెట్టు ఆ రెండు పనులూ కావాలనే చేస్తుందని చెప్పొచ్చు, చెట్టుకు బుద్ధి ఉందని కాదు గానీ. గింజ దాని సంతానం. దాన్ని నమిలేవాడికి విషం పెట్టింది. పువ్వు సంగతి వేరు, కాస్త వివరంగా రాస్తాను.

రాత్రి విచ్చుకున్న పూలకు గబ్బిలాలు వస్తాయి. వాటి వల్ల పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకోదానికి చేరుతుంది. ఆ పని అయ్యాక చెట్టు తన కండ గిన్నెను, అందులో అతుక్కుని ఉన్న కేసరాలతో సహా, కింద పడేస్తుంది. కాయ కట్టే అండాశయం, దాని పొడవాటి కీలం కొమ్మ మీదే ఉండిపోతాయి. అంటే ఎలుగుబంటి ఏరుకునేది ఉపయోగం తీరిన పాత్ర. బంతి భోజనాల్లో విస్తరి ఎత్తేశాక వచ్చినవాడు తిన్నట్టు. చెట్టుకు దాని వల్ల నష్టం పైసా లేదు.

అందుకని "ఎలుగుబంటి ఇప్పకు మేలు చేస్తుంది, ఇప్ప ఎలుగుబంటికి మేలు చేస్తుంది" అని చార్టు కింద తియ్యగా రాసేయకండి. పాఠ్యపుస్తకాలకు ఆ జబ్బుంది, ప్రతిదాన్నీ స్నేహం చేసేస్తాయి. రేల, రేగు, తునికి విషయంలో ఎలుగుబంటి నిజంగానే గింజలు మోస్తుంది, పండు తిని దూరంగా పేడలో వదులుతుంది. పువ్వు తింటే మోయడానికి గింజే లేదు. ఇప్ప గింజలను ముఖ్యంగా గబ్బిలాలు, పక్షులు మోస్తాయి. ఇక్కడ లాభం ఒక్కవైపే.

ఉద్దానం_కుర్రోడు (మధ్యాహ్నం 1:15)

అందరూ ఎలుగుబంటిని ముద్దు చేస్తున్నారు. మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. మా వైపు రండి ఒకసారి.

మాకు కొండ పక్కనే జీడితోటలు, పనస, కొబ్బరి. కొండ మీద తిండి తగ్గింది, తోటలో జీడిపళ్లు రాలి కుళ్లుతుంటాయి, పనస పండి వాసన కొడుతుంది. ఎలుగుబంటికి ఇంకేం కావాలి? గుళ్లో దీపం నూనె దాకా వస్తుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక ఎలుగుబంటి మనుషుల మీద పడింది. ఒకాయన ప్రాణం పోయింది, ఇంకా కొందరికి గాయాలయ్యాయి. మత్తిచ్చి పట్టుకున్నారు, చివరికి అదీ బతకలేదు.

మా చిన్నాన్నకు కూడా అయింది. ఉదయాన్నే జీడిగింజలు ఏరుతుంటే తుప్పలోంచి లేచింది. ముఖం మీద, తల మీద. కన్ను దక్కింది కానీ దవడ వంకర. సాయం డబ్బుల కోసం కాగితాలు పట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ ఎన్నాళ్లు తిరిగాడో నాకు తెలుసు. "దాని వంతు కానీ" అని కూర్చునే ఓపిక మా చిన్నాన్నకు ఉంటుందని అనుకోను.

ఉట్నూరు_పిల్ల (మధ్యాహ్నం 1:40)

అన్నా, చిన్నాన్న గారి సంగతి చదివి మనసు బాగోలేదు. మా దగ్గరా జరుగుతాయి. మా పక్క గూడెంలో ఒకామెకు చెయ్యి పనిచేయదు, పువ్వు ఏరబోయే. అవ్వ మాట ముద్దుగా అనిపించేలా రాశానేమో. ఆమె అలా కూర్చునేది ఓపికతో కాదు, భయంతో.

అడవిబాట (మధ్యాహ్నం 2:25)

ఉద్దానం_కుర్రోడు గారికి కోపం ఉండాల్సిందే. మన దేశంలో మనిషి మీద ఎక్కువగా తిరగబడే జంతువుల్లో ఎలుగుబంటి ఒకటి. చూపు, వినికిడి అంతంత మాత్రం. ముక్కు నేలకు ఆనించి తింటున్నప్పుడు మనిషి పక్కకొచ్చేదాకా దానికి తెలియదు. తెలిసేసరికి రెండు మూడు గజాల దూరం. జింక అయితే పరుగెడుతుంది. ఇది పులి తిరిగే అడవుల్లో బతికిన జంతువు, పరుగెత్తి పులిని తప్పించుకోలేదు, చెట్టెక్కినా చిరుత వదలదు. అందుకని ఎదురు తిరగడమే దానికి అలవాటైందని జీవశాస్త్రవేత్తలు చెబుతారు. వీపుమీద పిల్ల ఉంటే చెప్పనే అక్కర్లేదు.

అందుకే అవ్వ దగ్గడం, పాట పాడటం, గంప కొట్టడం తెలివైన పని. ఒంటరిగా పోకూడదు, టార్చి ఉండాలి, చెట్టు దగ్గరికి మెల్లగా నక్కి పోకూడదు.

ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు: నిప్పు. పువ్వు ఏరడం తేలిక అవుతుందని చాలా చోట్ల చెట్టు కింద ఎండుటాకుకు నిప్పు పెడతారు. నేల నల్లగా శుభ్రమై తెల్ల పువ్వు కనిపిస్తుంది. మార్చి గాలికి ఆ నిప్పు చెట్టు కిందే ఆగదు. ఎండాకాలపు అడవి మంటల్లో కొన్ని ఇలా మొదలైనవే. ఇప్పుడు కొన్ని రాష్ట్రాల్లో చెట్టు కింద వల కట్టిస్తున్నారు. పువ్వు వలలో పడుతుంది, మట్టి అంటదు, ధర బాగా వస్తుంది, చీకట్లో వంగి ఏరే పని తప్పుతుంది. తెల్లారాక వచ్చి దించుకోవచ్చు.

ఉట్నూరు_పిల్ల (మధ్యాహ్నం 2:52)

నిప్పు మేమూ పెట్టేవాళ్లం, దాచేదేముంది. ఆకు ఊడ్చి, కుప్ప చేసి, కాల్చి, ఆరాక పోవడం అవ్వకు పద్ధతి. అందరూ ఆరేదాకా ఆగరు.

వల మంచిదే. కానీ వల ఇచ్చింది ఎన్ని చెట్లకు, ఎన్ని ఇళ్లకు అని కూడా అడగాలి. ఊళ్లో ప్రతి ఇప్పచెట్టుకు ఒక ఇల్లుంటుంది అన్నా, ఇది మా చెట్టు అని. పొలంలో ఉన్నా కొట్టరు, ఆడపిల్ల పెళ్లికి చెట్టు ఇచ్చిన ఇళ్లూ ఉన్నాయి. వల ఒకరికి వచ్చి ఒకరికి రాకపోతే చెట్టు కింద మనుషులకే పోట్లాట.

బాటనీ_మాస్టారు (మధ్యాహ్నం 3:30)

నాకు ఇంకో దిగులు. మీ అవ్వ చెట్టు వయసెంత అమ్మా? ఇప్ప పూతకు రావడానికే పది పదిహేనేళ్లు పడుతుంది. నేను విద్యార్థులను తీసుకెళ్లిన చోట్లన్నీ ముసలి చెట్లే కనిపించాయి, మోకాలెత్తు మొక్కలు అరుదు. గింజ నూనెకు పోతుంది. మిగిలింది మొలిస్తే మేక తింటుంది, లేదా నిప్పుకు పోతుంది. గింజకు ఆయుష్షు తక్కువ, కొన్ని వారాలు దాటితే మొలవదు, సంచిలో దాచుకుని వచ్చే ఏడు నాటుదామంటే కుదరదు. ఎలుగుబంటికీ అంతే, ఈత తక్కువ. పిల్లలు రెండేళ్లకు పైగా తల్లితోనే ఉంటాయి కాబట్టి ఏటా కనదు. రెండూ మెల్లగా పెరిగేవే. ఇది అసలైన పోలిక.

చట్టం వరుస కూడా రాయించు బాబూ, టీచర్లకు నచ్చుతుంది. ఎలుగుబంటి 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులికున్న రక్షణే. ఇప్పకూ ఒక చట్టం ఉండేది! 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపువ్వు ఏరడం మీద, అమ్మడం మీద ఆంక్షలు పెట్టింది. చెట్టును కాపాడటానికి అనుకునేరు. ఇంట్లో సారా కాచుకుంటే సర్కారు ఆబ్కారీ ఆదాయం పోతుందని.

డల్లాస్_దొరబాబు (సాయంత్రం 5:15)

మా ఊరికి చిన్నప్పుడు ఎలుగుబంటిని ఆడించేవాళ్లు వచ్చేవారు. ముక్కుకు తాడు. అమ్మ నన్ను దాని వీపుమీద కూర్చోబెట్టింది, దడుపు పోతుందని. ఒక వెంట్రుక తాయెత్తులో పెట్టి మెడలో కట్టారు. పోస్టులు చదువుతుంటే గుర్తొచ్చింది. అదీ అడవిలో తల్లి వీపుమీద ఎక్కి తిరిగిన పిల్లే కదా.

అడవిబాట (సాయంత్రం 5:33)

అవును. తల్లిని చంపి పిల్లలను పట్టుకొచ్చేవారు, ముక్కు కాల్చి తాడు ఎక్కించేవారు. 1972 చట్టంతోనే అది నేరమైంది, అయినా వీధుల్లో ఆట పూర్తిగా ఆగడానికి 2009 దాకా పట్టింది. ఆడించే కలందర్ కుటుంబాలకు వేరే బతుకుతెరువు చూపించాకే ఆగింది.

హోంవర్క్_నాన్న (ఆదివారం, రాత్రి 8:20)

ఇన్ని పోస్టులు వస్తాయనుకోలేదు. నిన్న అన్నీ పిల్లకు చదివి వినిపించాను. చిన్నాన్న గారి సంగతి దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండు గళ్ల చార్టు చించేసింది. ఒకటే బొమ్మ వేసింది: ఆకుల్లేని చెట్టు, పైన గబ్బిలం, కింద ఒకవైపు పిల్లను మోస్తున్న ఎలుగుబంటి, ఇంకోవైపు గంపతో అవ్వ. మూలన గోడ గడియారం, నాలుగు గంటలు. పోలికలన్నీ ఆ బొమ్మ చుట్టూ చిన్న అక్షరాలతో రాసింది. తేడాల్లో మొదటిది, "చెట్టుకు ఎవరు తిన్నారో తెలియదు".

ఫొటో మా నాన్నగారికి పంపాను. ఈసారి ఫోన్ ఆయనే చేశారు. ఆ ఊళ్లో పనిచేసినప్పుడు మార్చి నెలలో బడికి పిల్లలు పది దాటాకే వచ్చేవారట. ఆయన కొత్తలో బెత్తం తీసేవారట. ఒక రోజు తెల్లారుజామున ఒక పిల్లవాడి వెంట చెట్టు దగ్గరికి వెళ్లి చూశాక బడి వేళ మార్చారట. ఏం చూశారని అడిగితే "మీ పిల్ల వేసిందే" అన్నారు.

హోంవర్క్_నాన్న (సోమవారం, సాయంత్రం 6:05)

రిజల్ట్: పదికి ఎనిమిది. "గళ్లు గీయలేదు" అని రెండు మార్కులు కట్. బొమ్మ మాత్రం క్లాసులో గోడకు పెట్టారు. ఉట్నూరు_పిల్ల గారూ, మా నాన్నగారు లడ్డూలు రెండు కిలోలు కావాలంటున్నారు, హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?

ఉట్నూరు_పిల్ల (సాయంత్రం 6:40)

దసరాకు ఇంటికి పోతున్నా, నేనే తెస్తా. ఆ బొమ్మ ఫొటో నాకు పంపండి, అవ్వకు చూపించాలి. గంప చిన్నగా వేసిందని అంటుంది, ముందే చెబుతున్నా.

ఉద్దానం_కుర్రోడు (రాత్రి 7:12)

పాపకు నా తరఫున కూడా చెప్పండి, బాగా వేసింది. వచ్చే ఏడాది ఎలుగుబంటికీ జీడిమామిడికీ పోలిక రాయమంటే మాత్రం నన్నే అడగండి. మా చిన్నాన్నతోనే చెప్పిస్తాను.